కొండ జిల్లాలో మొదటి కాటాల కొట్టు

కొత్త సంస్థల నమోదు కార్యాలయం మూడో అంతస్తులో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడను ఆఫీసులో అందరూ పట్టికల మేడమ్ అనేవారు. ఇంట్లో ఆమె పెద్దకోడలు. పదమూడేళ్ళుగా ఆమెది ఒకటే పని. రాష్ట్రంలో ఏ మూల ఎవరు కొత్త వ్యాపారం పెట్టాలన్నా ఆ దరఖాస్తు ముందు ఆమె బల్ల మీదికే వస్తుంది. పెట్టిన పేరు ఇంకెవరి పేరుతోనైనా కలుస్తోందేమో చూసి, ఏ జిల్లా, ఏ రంగం అన్నది గుర్తు వేసి, ఆఫీసరు సంతకానికి పంపాలి. నెలాఖరుకు పెద్ద పట్టిక ఒకటి తయారుచేయాలి. అందులో నిలువునా జిల్లాలు, అడ్డంగా వ్యాపారాలు. తీర జిల్లాల్లో ఐసు ఫ్యాక్టరీలు, పడవ ఇంజన్ల షెడ్లు. మైదానంలో విత్తనాల కంపెనీలు, ట్రాక్టరు విడిభాగాలు. కొండ జిల్లాల్లో శీతల గిడ్డంగులు, ఉన్ని మిల్లులు. రాజధాని సంగతి చెప్పనక్కర్లేదు, సెలూన్ల దగ్గర్నుంచి సాఫ్ట్‌వేరు దాకా ఏదైనా సరే.

అన్ని వేల దరఖాస్తులు ముట్టుకున్న చేతులకు ఏదో ఒకటి అంటుకోక మానదు. ఆమెకు అంటుకున్నది ఓర్వలేనితనం. నిండా పాతికేళ్ళు లేని పిల్ల బొత్తాల ఫ్యాక్టరీ పెడుతోందని చదివితే ఆమెకు మధ్యాహ్నం అన్నం సయించేది కాదు. రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకడు తేనె సీసాల్లో పోసి అమ్ముతానంటే, "ఈ వయసులో ఈయనకి ఇదేం సరదా!" అని పక్క సీటు గుమాస్తా వినేటట్టే విసుక్కునేది. ముద్ర మాత్రం వేసేది. ఎవరి దరఖాస్తునూ ఆపిన పాపాన పోలేదు. కుళ్ళు తన కడుపులోనే ఉండేది, ఇతరులను తాకేది కాదు.

ఆమె తండ్రి తూనికల మెకానిక్. దుకాణాల్లో కాటాలు బాగుచేసి, తూకం రాళ్ళు సరిచూసి బతికాడు. తొమ్మిదేళ్ళప్పుడే ఆమె తండ్రి పక్కన నేలమీద కూర్చుని కాటా సున్నా దగ్గర నిలిచేదాకా మరలు తిప్పేది. "నీ వేళ్ళకి బరువు తెలుసే తల్లీ!" అనేవాడాయన. ఆయన పోయాక పనిముట్ల పెట్టె అటక ఎక్కింది. ఆమె ఉద్యోగం ఎక్కింది.

పట్టికలు వేసివేసి ఆమె ఒక సంగతి కనిపెట్టింది. కొండ జిల్లాల్లో పళ్ళ మార్కెట్లున్నాయి, ఉన్ని కొట్లున్నాయి, ఆస్పత్రులున్నాయి. అన్నిచోట్లా కాటాలున్నాయి. అవి బాగుచేసే కొట్టు మాత్రం ఏడేళ్ళుగా ఒక్కటంటే ఒక్కటి నమోదు కాలేదు. కాటా చెడితే లారీ ఎక్కించి రాజధానికి పంపాల్సిందే. ఆ గడి ఖాళీగా కనబడ్డప్పుడల్లా అది తనకోసమే అట్టే పెట్టినట్టు ఆమెకు అనిపించేది. ఎవరితోనూ అనేది కాదు. ఒక్కసారి మాత్రం నోరు జారింది.

ఆమె మరిది కొండ జిల్లాలో శీతల గిడ్డంగి లారీ నడుపుతాడు. సెలవులకు అతనూ, అతని భార్యా వచ్చినప్పుడు వంటింట్లో తోటికోడళ్ళిద్దరూ కూరగాయలు తరుగుతూ కూర్చున్నారు. చిన్నకోడలు అప్పటికి రెండు పనులు పట్టి రెండూ వదిలేసింది. ఒకటి టైలరింగు, రెండోది ఫోన్ల దుకాణంలో మరమ్మతులు. అత్తగారు ముందు గదిలోంచి, "దానికి కుదురు లేదమ్మా, కాలికి చక్రాలున్నాయి!" అని అంటూనే ఉంది. పక్కన నవ్వులపాలవుతున్న మనిషి ఉంటే తన తెలివి చూపించాలనిపిస్తుంది కదా. పెద్దకోడలికీ అలాగే అనిపించి ఆ ఖాళీ గడి సంగతి చెప్పింది.

చిన్నకోడలి చేతిలో కత్తి ఆగింది. "అయితే మీరే పెట్టొచ్చుగా అక్కా? మీకు పని కూడా వచ్చంటారు."

"బాగుంది! నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి గాల్లోకి దూకమంటావా?"

"ఊరికే అన్నాలెండి" అని చిన్నకోడలు మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకుంది పెద్దకోడలు.

ఏడాదిన్నర తర్వాత ఒక సోమవారం ఉదయం కట్టలోంచి పదకొండో దరఖాస్తు తీసేసరికి చిన్నకోడలి ఫొటో కనబడింది. నవ్వకుండా బిగుసుకుని దిగిన ఫొటో. సంస్థ పేరు: నిండు తూకం కాటాల మరమ్మతు కేంద్రం. జిల్లా: కొండ జిల్లా. కింద శిక్షణ పత్రం జతచేసి ఉంది. తొమ్మిది నెలలు ఒక ఎలక్ట్రానిక్స్ మాస్టారి దగ్గర పని నేర్చుకుంది, ఎవరికీ ఒక్క ముక్క చెప్పకుండా!

తన ఇంట్లోకి ఎవరో తాళం తీసుకుని వచ్చి, తన మంచం మీద కాళ్ళు చాపుకుని పడుకున్నట్టు పెద్దకోడలికి అనిపించింది. పేజీ తిప్పింది. "ఈ వ్యాపారం ఎంచుకోవడానికి కారణం" అన్నచోట చిన్నకోడలు గుండ్రటి అక్షరాలతో రాసింది: మా ప్రాంతంలో ఈ కొట్టు లేదని మా తోటికోడలు గారు గమనించి చెప్పారు.

ఆ వాక్యం లేకపోయినా బాగుండేది. 'గమనించి చెప్పారు, అంతేనా? ఏడేళ్ళు నేను కళ్ళలో పెట్టుకుని దాచుకున్నది గమనించి చెప్పడమా? బస్సు ఎన్నింటికో చెప్పినట్టా?' ఆమె ఆ వాక్యాన్ని నాలుగైదుసార్లు చదివింది. చదివినకొద్దీ కడుపుమంట పెరిగింది తప్ప తగ్గలేదు.

బంధువుల దరఖాస్తు వస్తే ఆఫీసరుకు చెప్పి పక్క సీటుకు ఇచ్చేయాలి, నియమం అది. పెద్దకోడలు చెప్పలేదు. పేర్ల జాబితా తెరిచి వెతికింది. తీర జిల్లాలో "తూకం" అని ఒక చేపల టోకు దుకాణం ఉంది. చేపల దుకాణానికీ కాటాల కొట్టుకూ పేరు కలిస్తే తప్పేం లేదు, రంగం వేరైతే అభ్యంతరం ఉండదని కొత్తవాళ్ళకు నేర్పేది ఆమే. అయినా గులాబీరంగు చీటీ తీసి, "పేరులో పోలిక ఉన్నది. వేరే పేరుతో తిరిగి దరఖాస్తు చేయవలెను" అని రాసింది. నలభై కాగితాల మధ్య పెట్టింది. ఆఫీసరు ఫోన్లో మాట్లాడుతూ నలభైకి నలభై సంతకాలు పెట్టాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఆమె నడక తేలిగ్గా ఉంది. భర్త, "ఏంటీ, ఇవాళ హుషారుగా ఉన్నావ్?" అన్నాడు కూడా.

పేరు మార్చి మళ్ళీ పంపి, నమోదు సంఖ్య చేతికి వచ్చేసరికి చిన్నకోడలికి పంతొమ్మిది రోజులు పట్టింది. సరిగ్గా ఆ పంతొమ్మిది రోజుల్లోనే కొండ జిల్లా పళ్ళ మార్కెట్టు తన పెద్ద కాటాలన్నీ చూసుకునే పని ఎవరికివ్వాలో తేల్చింది. నమోదు సంఖ్య లేనివాళ్ళ కాగితం తీసుకోలేదు. రాజధాని కంపెనీ ఒకటి మూడేళ్ళ ఒప్పందం మీద ఆ పని ఎగరేసుకుపోయింది.

ఈ సంగతి చెప్పడానికి చిన్నకోడలు స్వయంగా వచ్చింది. ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని మంచినీళ్ళ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆ మార్కెట్టుని నమ్ముకునే మొదలుపెట్టానక్కా. వాళ్ళు నాతో మాట్లాడారు కూడా. ఒక్క కాగితం, అంతే."

అత్తగారు నొచ్చుకుంది. "అయ్యో, ఎంత పనైందే!"

"మీ ఆఫీసులో నేనంటే కిట్టనివాళ్ళెవరో ఉన్నారక్కా" అంది చిన్నకోడలు, ఆమె ముఖంలోకి చూస్తూ. "చేపల కొట్టుకీ నాకూ పోలికేంటి? ఎవరు రాశారో కాస్త కనుక్కుంటారా?"

"చూస్తాను" అంది పెద్దకోడలు. వంటింట్లోకి వెళ్ళి, అక్కర్లేకపోయినా స్టవ్ వెలిగించింది. సిగ్గు వేసింది, నిజమే. అయితే ఆ సిగ్గు అడుగున, 'ఇక మూట కట్టేస్తుందిలే' అన్న చిన్న ఊరట కూడా ఉంది. తనలో అది ఉన్నట్టు ఆమెకు తెలుసు. దాని ముఖం చూడకుండా తప్పుకు తిరిగింది.

చిన్నకోడలు మూట కట్టలేదు. పాత టైర్ల షెడ్డు ఒకటి అద్దెకు తీసుకుని కొట్టు తెరిచింది. మార్కెట్టు లేకపోతేనేం, కిరాణా కొట్లు, మందుల షాపులు, పసిపిల్లలను తూచే ఆస్పత్రి కాటాలు ఒకటొకటిగా వచ్చాయి. ఇంట్లో అన్నం దగ్గర ఇక ఆ కబుర్లే. కాలికి చక్రాలున్నాయన్న అత్తగారే ఇప్పుడు, "మా చిన్నది గట్టిపిండం" అని పక్కింటివాళ్ళను పిలిచి మరీ చెప్పేది. ఒకరోజు భర్త చెయ్యి కడుక్కుంటూ, "మొత్తానికి దానికున్న తెగువ మనకెవరికీ లేదు" అన్నాడు. పెద్దకోడలు గిన్నెలు దబదబా ఎత్తిపెట్టింది. ఆ మాట వారం రోజులు ఆమె చెవిలో జోరీగలా తిరిగింది.

నమోదైన సంస్థల్లో ఏడాది తిరిగేసరికి ఎన్ని బతికున్నాయో చూసి రావడానికి కార్యాలయం ఏటా మనుషుల్ని పంపుతుంది. ఆ ఏడు కొండ జిల్లా పెద్దకోడలికి పడింది. కావాలంటే పక్క సీటు గుమాస్తాతో మార్చుకోవచ్చు. మార్చుకోలేదు. కొట్టు మూతపడి ఉంటే కళ్ళారా చూడాలని లోపల ఎక్కడో ఉంది.

బస్సు దిగి, రెండు ఉన్ని మిల్లులు, ఒక బేకరీ, మూతపడ్డ కొవ్వొత్తుల కార్ఖానా చూసుకుని మధ్యాహ్నానికి ఆ షెడ్డు దగ్గరికి చేరింది. తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. గోడకు కాటా పళ్ళేలు వరసగా వేలాడుతున్నాయి. బల్ల మీద మరలు సైజుల వారీగా డబ్బాల్లో సర్ది ఉన్నాయి. తండ్రి బల్ల కూడా అంత పొందిగ్గా ఉండేది కాదు. 'ఇది నాది కావాల్సింది' అని ఆమె మనసు ఒక్క కేక పెట్టింది.

చిన్నకోడలు నేలమీద గొంతుకూర్చుని ఉంది. ఎదురుగా ఉన్ని బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా. పక్కనే నడుం మీద చేతులు పెట్టుకుని ఉన్ని వ్యాపారి.

"అక్కా! రండి, కూర్చోండి. ఒక్క నిమిషం" అంది చిన్నకోడలు. వేళ్ళ కణుపులు గీసుకుపోయి ఉన్నాయి.

"ఇది మూడోసారి తీసుకురావడం" అన్నాడు వ్యాపారి, కొత్తగా వచ్చినావిడ న్యాయం చెబుతుందేమోనన్నట్టు. "బస్తా ఒకసారి వేస్తే ఒకటి చూపిస్తుంది, తీసి మళ్ళీ వేస్తే ఇంకోటి. రైతులు నన్ను దొంగంటున్నారు."

చిన్నకోడలు తూకం రాయి ఎత్తి కాటా నడిమధ్య పెట్టింది. అంకె సరిగ్గా వచ్చింది. తీసి మళ్ళీ నడుమే పెట్టింది. మళ్ళీ సరిగ్గానే వచ్చింది. "చూడండి, బాగానే ఉందిగా" అంది. గొంతులో ధీమా లేదు.

కుర్చీలో కూర్చున్న పెద్దకోడలికి తప్పెక్కడుందో రాయి రెండోసారి పెట్టినప్పుడే తెలిసిపోయింది. వేళ్ళు జివ్వుమన్నాయి. కాని పెదవి విప్పలేదు. 'అమ్మయ్య, దీనికీ చేతకానిది ఒకటుంది' అనుకుంది. ఎండలో తిరిగొచ్చి చల్లని నీళ్ళు తాగినట్టుంది. చిన్నకోడలు రాయి పెడుతుంటే, తీస్తుంటే, చెమట తుడుచుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

చివరికి వ్యాపారికి ఓపిక పోయింది. "రాని పని నెత్తినెందుకు పెట్టుకుంటావమ్మా? పళ్ళ మార్కెట్టు వాళ్ళు నిన్ను కాదని రాజధాని వాళ్ళకి ఊరికే ఇవ్వలేదు. వాళ్ళకి తెలుసు నీ పనితనం."

చిన్నకోడలు తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

పెద్దకోడలు లేచి నిలబడింది. తను లేచిన సంగతి నిలబడ్డాకే ఆమెకు తెలిసింది. "మూలలు చూశావా?" అంది.

"మూలలేంటక్కా?"

"రాయి మధ్యలో పెడితే ఏం తెలుస్తుంది? బస్తా వేసేవాడు మధ్యలోనే వేస్తాడా? మూలకో రాయి పెట్టి చూడు."

మూడు మూలల్లో అంకె నిలిచింది. నాలుగో మూలలో రాయి పెట్టగానే దిగిపోయింది. వ్యాపారి ముందుకు వంగాడు. పెద్దకోడలు చేతి సంచి పక్కన పడేసి కాటా పక్కన కూలబడింది. కాటా అడుగున, నాలుగు మూలల తీగలూ వచ్చి కలిసే చిన్న పెట్టె మూత విప్పించింది. తండ్రి రోజుల్లో ఇలాంటి పెట్టెలు లేవు. అయినా లోపల నాలుగు మరలు కనబడగానే దేనికేదో తెలిసిపోయింది. ఒక మరను గోరంత తిప్పడం, రాయి పెట్టడం, చూడడం, మళ్ళీ తిప్పడం. అరగంట పట్టింది. నాలుగు మూలలూ ఒకే మాట చెప్పాయి.

వ్యాపారి తనే బస్తా ఎత్తి అటు వేసి, ఇటు వేసి, చివరికి తను కూడా ఎక్కి నిలబడి నవ్వాడు. "ఈవిడెవరమ్మా?"

"మా తోటికోడలు గారు" అంది చిన్నకోడలు.

అతను కాటా బండెక్కించుకుని వెళ్ళిపోయాడు. షెడ్డులో ఇద్దరే మిగిలారు. చిన్నకోడలు ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "ఇంత పని చేతిలో పెట్టుకుని ఇన్నేళ్ళు ఎలా ఊరుకున్నారక్కా?"

ఆమె తిట్టినా బాగుండేది. పెద్దకోడలు చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ, ఎటో చూస్తూ, "ఆ గులాబీ చీటీ రాసింది నేనే" అంది.

"తెలుసు."

పెద్దకోడలు గిరుక్కున తిరిగింది.

"మొదటిరోజే తెలుసు" అంది చిన్నకోడలు. "మా పెళ్ళి కవర్లన్నిటి మీదా చిరునామాలు మీరే రాశారుగా. 'వలెను'లో 'లె' మీరు తప్ప అలా కొక్కెంలా ఇంకెవరూ రాయరు."

"తెలిసి... మరి ఇంటికొచ్చి ఎవరు రాశారో కనుక్కోమని నన్నే అడిగావే!"

"మీ నోటితో చెప్తారేమోనని. చెప్తే అక్కడికక్కడే మర్చిపోదామనుకున్నా. మీరు వెళ్ళి స్టవ్ వెలిగించారు." ఆమె బల్ల మీది మరల డబ్బా దగ్గరికి లాక్కుంది. "బస్సులో దారంతా ఏడ్చానక్కా. మార్కెట్టు పోయినందుక్కాదు."

పెద్దకోడలి దగ్గర చెప్పడానికి అందమైన కారణాలు లేవు. "కుళ్ళుకున్నాను" అంది. "నువ్వు పెట్టావని కుళ్ళు. నేను పెట్టలేదని ఇంకా కుళ్ళు. ఇవాళ కూడా, వాడు నిన్ను ఆ మాట అనేదాకా నోరు మూసుక్కూర్చున్నాను. అదీ చెప్పేస్తున్నా."

చిన్నకోడలు డబ్బాలోంచి ఒక మర తీసి, అదే డబ్బాలో వేసింది. "నాకు చెప్పి ఏం లాభం? మీ ఆఫీసరుకి చెప్పండి. నాకైతే షెడ్డు దొరికింది. ఇంకొకరికి ఇలా జరిగితే దొరక్కపోవచ్చు."

"చెప్తే నా పరువేం కావాలి?"

"అది మీరు చూసుకోండి" అంది చిన్నకోడలు. లేచి టీ పెట్టింది. ఇద్దరూ తాగారు. మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

పెద్దకోడలు నాలుగు రోజులు తటపటాయించి ఐదో రోజు చెప్పింది. ఆఫీసరు ముందు నమ్మలేదు, తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పేర్లు చూసే పని ఆమె చేతిలోంచి తీసేశారు. మెమో ఇచ్చారు. ఆ ఏడు రావాల్సిన పదోన్నతి పక్క సీటు గుమాస్తాకు వెళ్ళింది. అతను మిఠాయి డబ్బా తెస్తే ఒక ముక్క తీసుకుని నమిలింది, రుచి తెలియలేదు. ఆఫీసరు పళ్ళ మార్కెట్టుకు ఉత్తరం కూడా రాశాడు. మూడేళ్ళన్నాక మూడేళ్ళేనని వాళ్ళు జవాబిచ్చారు. పోయింది పోయినట్టే.

ఇంట్లో భర్తకు చెప్పినప్పుడు అతను అన్నం ముందు అలాగే కూర్చుండిపోయాడు. "నువ్వా!" అన్నాడు. అత్తగారు రెండు వారాలు ఆమెతో ముభావంగా ఉంది. చిన్నకోడలి దగ్గర్నుంచి నెల దాకా ఫోను లేదు. వచ్చినప్పుడు కూడా కుశలాల జోలికి పోలేదు.

"ఆస్పత్రి కాటా ఒకటొచ్చింది. మూలలు కుదరడం లేదు. ఆదివారం వస్తారా?"

పెద్దకోడలు అటక మీది పెట్టె దింపి, దుమ్ము దులిపి, మొదటి బస్సెక్కింది. ఆ ఆదివారం తర్వాత ఇంకో ఆదివారం, అలా వానలు మొదలయ్యేదాకా వెళ్ళింది. తోటికోడళ్ళిద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. "పట్టుకో", "వదులు", "ఇంకొంచెం", ఇంతే. కాని పని జరిగేది. వచ్చినవాళ్ళు చిన్నకోడలిని "ఓనరమ్మా" అని పిలిస్తే పెద్దకోడలికి ఇంకా చురుక్కుమనేది. ఆ చురుకును ఇప్పుడు ఆమె గుర్తుపట్టేది. అది లేచినప్పుడల్లా తల వంచి చేతిలో ఉన్న మరనే చూసుకునేది. కాసేపటికి సద్దుమణిగేది.

ఒక ఆదివారం మందుల షాపాయన సున్నితపు కాటా ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చాడు. చిన్నకోడలు చెయ్యి చాచింది. అతను ఇవ్వకుండా షెడ్డు లోపలికి తొంగి చూశాడు.

"ఆవిడ లేరా? ఉన్ని వ్యాపారి చెప్పాడు, ఆవిడ చెయ్యి పడితే మళ్ళీ చూసుకోనక్కర్లేదట. ఆవిడే చూస్తే బాగుంటుందమ్మా."

చిన్నకోడలు చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పెదవులు నవ్వుతున్నాయి. కళ్ళ కింద మాత్రం ఏదో మాడినట్టయింది. మూల కూర్చుని ఉన్న పెద్దకోడలు అది చూసింది. పదమూడేళ్ళు కిటికీ పక్క కూర్చుని తను మోసిన ముఖం అది. దాన్ని బయటినుంచి చూడడం ఆమెకు అదే మొదటిసారి.

లోపల ఎక్కడో ఒక తీపి పులకరింత లేవబోయింది. ఆమె లేచి వచ్చి, మందుల షాపాయన చేతిలోంచి మూట అందుకుని, చిన్నకోడలి ముందు బల్ల మీద పెట్టింది.

"నా కళ్ళకి ఈ సన్నపనులు ఆనవండీ" అంది. "ఇలాంటివి ఈవిడే చూడాలి. నేను పక్కన కూర్చుంటాను."

ఆమె కళ్ళు బ్రహ్మాండంగా ఆనుతాయని చిన్నకోడలికి తెలుసు. గుడ్డ విప్పి, దీపం దగ్గరికి లాక్కుని, "సన్న స్క్రూడ్రైవర్ ఇటివ్వండక్కా" అంది.